చిన్నవారి మాట ముందు: గంగాధరం గారి ముప్పై నాలుగేళ్ల సభ

1991వ సంవత్సరం జూలై 8వ తేదీ, సోమవారం ఉదయం పది గంటల వేళ, పాకాల బస్సు దిగి, చేతిలో నియామక పత్రంతో, చంకలో రెండు పుస్తకాలతో, ఇరవై ఏడేళ్ల యువకులొకరు తిరుచానూరు రోడ్డులో మా కళాశాల గేటు ముందు నిలబడి, ఇది లాడ్జియా కళాశాలా అని కాపలాదారుని అడిగారట. అప్పట్లో మా కళాశాల యాత్రికులు దిగే పాత సత్రంలో నడిచేది. ఎదురుగా పూల బుట్టలు, పక్కన గుండ్లు గీయించుకొని వచ్చినవాళ్లు తడి తువ్వాళ్లు ఆరేసుకునే పిట్టగోడ. కాపలాదారు ఆయన్ని ఎగాదిగా చూసి, గది కావాలంటే పక్క వీధికి పొమ్మన్నాడట. ఆ యువకులే నేడు మనం గౌరవించుకొంటున్న శ్రీ గంగాధరం గారు. రాజనీతిశాస్త్ర ఉపన్యాసకులుగా ఆనాడు హాజరు పట్టీలో మొదటి సంతకం చేసిన ఆ చేతితోనే, 2026 జనవరి 31వ తేదీ శనివారం నాడు ఆయన కడపటి సంతకం చేయనున్నారు.

చేరిన ఆరేళ్లకు, అంటే 1997లో, యాజమాన్యం వారు గంగాధరం గారిని నాయుడుపేటలోని తమ మరో కళాశాలకు పంపించారు. అక్కడ తరగతి గది కిటికీలు జాతీయ రహదారి వైపే తెరుచుకొనేవి. లారీల హారన్లను మించేలా అయిదేళ్లపాటు పాఠం చెప్పి చెప్పి, 2002లో తిరుపతికి తిరిగి వచ్చేసరికి ఆయన కంఠం ఎంత ఘనమైనదిగా మారిందంటే, ఆయన తొమ్మిదో నంబరు గదిలో పాఠం చెబుతుంటే గేటు దగ్గర పూలు కట్టే ఆడవాళ్లకు కూడా రాజధర్మం వచ్చేసిందని తోటి అధ్యాపకులు వేళాకోళం చేసేవారు. ఆ కంఠం గురించి ఈ వ్యాసంలో మరోసారి చెప్పవలసి వస్తుంది గనుక ఇక్కడ గుర్తు చేశాం.

ఆయన జీవితకాలం బోధించిన పాఠ్యాంశం పేరు 'భారతీయ రాజనీతి తత్వం: ప్రవేశిక'. పేరు వినగానే బరువుగా తోచవచ్చు. రాజనీతి అంటే మనకు జెండాలు, మైకులు, ఓటు వేసిన వేలి మీద సిరా, ఇంతే గుర్తుకు వస్తాయి. గంగాధరం గారు మాత్రం దాన్ని ఒకే ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టేవారు: అడిగేవాడు లేకపోతే ఏమవుతుంది? పెద్ద చేప చిన్న చేపను మింగుతుందని మన పూర్వులు చెప్పారు. దానికి మత్స్యన్యాయమని పేరు పెట్టారు. ఆ భయం నుంచే దండం పుట్టింది, అంటే శిక్షించే అధికారం. అయితే దండం చేతిలో ఉన్నవాడే పెద్ద చేప అయితే ఎట్లా అనే ప్రశ్న వెంటనే పుట్టింది. దానికి జవాబుగా రాజధర్మం వచ్చింది. రాజు యజమాని కాడు, పంటలో ఆరో వంతు కూలి తీసుకొని ఊరిని కాచే కాపలాదారు మాత్రమే, కాపలా కాయకపోతే కూలి అడిగే హక్కు లేదు, అని మన దేశంలో వేల ఏళ్ల కిందటే చెప్పుకొన్నారంటే, పిల్లలు నోళ్లు తెరిచి వినేవారట. లేనిదాన్ని సంపాదించి పెట్టడం యోగమని, ఉన్నదాన్ని కాపాడటం క్షేమమని, ప్రజల యోగక్షేమాలు చూడని రాజ్యానికి ఎన్ని కోటలున్నా అది రాజ్యం కాదని ఆయన చెప్పేవారు. రాజ్యానికి ఏడు అంగాలు: ప్రభువు, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. పిల్లలు పరీక్షలో ఆరు రాసి ఏడోదాన్ని మరిచిపోతారని, తన సర్వీసులో దిద్దిన పేపర్లలో ఎక్కువగా తగ్గించిన మార్కు ఆ మిత్రుడిదేనని ఆయన తరచు అనేవారు.

ఇదంతా పాతకాలపు రాజుల సంగతి కదా, నేడు దేనికి అని అడిగినవాళ్లకు ఆయన కోపగించుకొనేవారు కాదు. ఒకనాడు వరండా ఊడుస్తున్న ఆఫీసు సబార్డినేటు కోమలి ఆ మాటే అడిగితే, పుస్తకం మూసి ఇట్లా చెప్పారు: "కొండ మీద క్యూ చూసినావు కదమ్మా. కండ ఉన్నోడు తోసుకోని ముందుకు పోతే అది చేపల న్యాయం. కమ్మీలు కట్టి, చంటిబిడ్డల తల్లులకు వేరే వాకిలి పెడితే అది రాజధర్మం. మా శాస్త్రమంతా ఇంతే. మిగిలిందంతా పరీక్షకు."

శాస్త్రాన్ని పుస్తకంలో ఉంచి తలుపు వేసుకొనే స్వభావం కాదు ఆయనది. 2004లో స్టాఫ్ కౌన్సిల్ కార్యదర్శిగా ఉన్నప్పుడు ఆయన ఒక నియమం తెచ్చారు. మన కళాశాలలో తప్ప అది మరెక్కడా ఉన్నట్టు వినలేదు. ఏ విషయం మీదైనా సభ జరిగితే, పదవిలో అందరికన్నా చిన్నవారు ముందు మాట్లాడాలి. ఆఫీసు సబార్డినేటు, తరువాత గుమాస్తా, తరువాత కొత్తగా చేరిన ఉపన్యాసకులు, అట్లా పైకి పోయి చివరన ప్రిన్సిపాల్ నోరు తెరవాలి. మంత్రాంగంలో రాజు ముందుగా మనసు బయటపెట్టరాదన్నది మన రాజనీతిలోని పాత సంగతే. ఆయన మాటల్లో చెప్పాలంటే, "పెద్దోడు ముందు చెప్పేస్తే మిగిలినోళ్లు గంగిరెద్దు మాదిరి తలలూపేదే గదప్పా." మొదట్లో దాన్ని తలకిందుల సభ అని అందరూ నవ్వారు. ఇరవై రెండేళ్లు గడిచాయి, ఆ నియమం నిలిచింది. ఈ అభినందన సంచికలో ఆఫీసు సబార్డినేటు కోమలి రాసిన ఈ వ్యాసం మొదట, ప్రిన్సిపాల్ డాక్టర్ స్టెల్లా గారి వ్యాసం చివర అచ్చు కావడానికి కారణం కూడా అదే.

కాలం మాత్రం గంగాధరం గారి పట్ల అంత ఉదారంగా లేదు. ఒకప్పుడు పక్క గదుల నుంచి బెంచీలు మోసుకొచ్చి అరవై మంది కూర్చున్న తరగతి, కంప్యూటరు కోర్సులు వచ్చాక ముప్పై అయింది, పదకొండు అయింది, చివరకు నలుగురయ్యారు. 2019లో వారి ధర్మపత్ని చంద్రకాంతమ్మ గారు కాలధర్మం చెందారు. అంతకుముందు మూడు గిన్నెల క్యారియరులో వచ్చే మధ్యాహ్న భోజనం ఆ తరువాత ఒక చిన్న డబ్బాలో ఇమిడిపోయింది. స్టాఫ్ రూములో ఆయన గోడ వైపు తిరిగి తినేవారు. ఎవరైనా పలకరిస్తే నవ్వుతూ బదులిచ్చేవారు, తామై మాట కదిపేవారు కాదు. ఏడో అంగం గురించి అంత చెప్పిన మనిషికి పక్క కుర్చీ ఖాళీగా ఉండటం చూసేవాళ్లకు తెలుస్తూనే ఉండేది. ఎవరి పనులు వారికుండేవి.

ఇక ఈ సంచిక కోసం ప్రత్యేకంగా చెప్పవలసిన సంఘటన 2024 జూలై నాటిది.

కోమలి అంతకు ముందు సంవత్సరమే ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిలో చేరింది. ఇంటర్ మొదటి సంవత్సరంతో చదువు ఆగి, పెళ్లయి, ఏడు నెలల ఆడబిడ్డను అత్తగారి దగ్గర వదిలి వచ్చేది. బిడ్డకు జలుబు చేస్తే చాలు, ఊపిరి ఎట్లా తీస్తోందో అని గంటకోసారి ఫోను చేసి అత్తగారి చేత చీవాట్లు తినేది. అందుకేనేమో, మెట్ల కింద ఏం జరుగుతోందో మిగతావారి కంటే ముందు ఆమె కంటబడింది. పెళ్లయి మళ్లీ డిగ్రీలో చేరిన అమ్మాయిలు కొందరు పాలు తాగే బిడ్డలను వెంట తెచ్చుకొనేవారు. తల్లి తరగతిలో ఉన్నంతసేపూ అవ్వలు బిడ్డలను మెట్ల కింద సిమెంటు నేల మీద పడుకోబెట్టి విసురుతూ కూర్చొనేవారు. బోరు మోటారు అక్కడే ఉండేది.

ఆ నెలలో విద్యార్థినులకు విశ్రాంతి గది ఏర్పాటు చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ గది ఇవ్వాలన్నది సభలో మొదటి విషయం. పాత సామాన్లు పెట్టే కొట్టు ఇచ్చేద్దామని అందరూ లోలోపల అనుకొనే వచ్చారు. నియమం ప్రకారం కోమలి ముందు లేచింది. తొమ్మిదో నంబరు గదిలో గాలీ వెలుతురూ బాగా ఉందని, అందులో నలుగురే కూర్చుంటున్నారని, మెట్ల కింద ఆరుగురు బిడ్డలున్నారని చెప్పి కూర్చుంది. అది గంగాధరం గారి గది. కామర్స్ శాఖ మునిప్రసాద్ గారు గొంతు సవరించుకొని, "అన్నా, నువ్వు కట్టిన తాడు నీ మెడకే సుట్టుకున్యాది సూడు," అన్నారు. కొందరు నవ్వారు.

గంగాధరం గారి వంతు వచ్చింది. ఎంతమంది బిడ్డలన్నావమ్మా అని మళ్లీ అడిగారు. ఆరుగురు సార్, ఒక బిడ్డకు ఉబ్బసం అని ఆమె చెప్పింది. ఆయన తాళాల గుత్తి నుంచి తొమ్మిదో గది తాళంచెవి విడదీయడానికి కొంచెంసేపు తిప్పలు పడ్డారు. ఇరవై ఏళ్లుగా తెరవని గుత్తి రింగు గనుక అది బిగుసుకొని ఉంది. "నేను చెప్పిన పాఠం ఈడ ఒకరన్నా విన్నారు. గది ఇచ్చేద్దాం," అన్నారు. తాళంచెవి బల్ల మీద పెట్టారు.

మరునాడు ఆయన తమ కుర్చీ తామే మోసుకొని ఆ గది బయట వరండా కొసన వేసుకొన్నారు. కోమలి పరుగెత్తుకొని పోయి కుర్చీ అందుకోబోతే, వద్దులేమ్మా, బరువేమీ లేదని చెప్పారు. ఆ మాటలో కోపం ఉందని ఆమె అనుకొంది. ఏటేటా పొడిగిస్తే నిలిచే ఉద్యోగం తనది. సారు ఒక్క మాట చెబితే చాలు, పోతుంది. ఆనాటి నుంచి ఆయన ఎదురుగా తలెత్తలేదు. వరండా ఊడ్చేటప్పుడు కూడా ఆ కొసను ఆయన రాకముందే ఊడ్చేసి వెళ్లిపోయేది.

తొమ్మిదో గది కిటికీకి తల్లులు ఒక పాత చీర తెరగా కట్టారు. గంగాధరం గారు ఆ తెర చూసి, తన గొంతుకు బిడ్డలు లేస్తున్నారని అనుకొన్నారు. నాయుడుపేట లారీలను గెలిచిన ఆ కంఠాన్ని ఆయన గుసగుస దాకా దించుకొన్నారు. దారిన పోయేవాళ్లు మధ్యలో నిలబడి పలకరించేవారు. వానజల్లు పుస్తకం మీద పడేది. నలుగురు విద్యార్థులు ఇద్దరయ్యారు. మరుసటి సంవత్సరానికి బాలచంద్ర అనే ఒక్క అబ్బాయి మిగిలాడు. ట్యూషన్ చెబుతున్నారా సార్ అని ఎవరో అడిగితే ఆయన నవ్వి ఊరుకొన్నారు. ఆ అబ్బాయి కూడా రాని రోజుల్లో, టైంటేబుల్‌లో ఉన్న గంట గంటే గనుక, పుస్తకం తెరిచి పెట్టుకొని ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆ గంటసేపు కూర్చొని లేచేవారు.

తెర అవతల సంగతి ఆయనకు తెలియదు. బిడ్డలకు పాలిస్తూ ఆ తల్లులు చెవులు కిటికీకి ఆనించి వినేవారు. మత్స్యన్యాయం అంటే ఏమిటో వాళ్లలో వాళ్లు అత్తగారిళ్ల సంగతులతో చెప్పుకొని నవ్వుకొనేవారు. పెద్ద చేప ఎవరో చెప్పనక్కరలేదు. ఒకనాడు వాళ్లలో జయంతి అనే అమ్మాయి కోమలిని పిలిచి, "ఆ సారును కొంచెం గట్టిగా చెప్పమనక్కా. సగం మాటలు గాలికి పోతా ఉండాయి," అంది. కోమలి సరేనని తల ఊపింది, చెప్పలేదు. మరో వారం అడిగారు, అప్పుడూ చెప్పలేదు. గది పోగొట్టిన నోటితో ఆయన దగ్గరికి ఏ ముఖం పెట్టుకొని పోవాలో ఆమెకు తెలియలేదు. ఏడాదిన్నర అట్లాగే గడిచింది. బాలచంద్ర రాని రోజుల్లో ఇటు ఆయన మౌనంగా పుస్తకం ముందు, అటు వాళ్లు మౌనంగా తెర వెనుక, మధ్యలో అంగుళం మందం కిటికీ రెక్క.

గత నవంబరులో మరో సమస్య ఎదురైంది. ఐచ్ఛిక పాఠ్యాంశానికి కనీసం పదిమంది పేర్లివ్వాలన్నది కళాశాల నియమం. అధ్యాపకులు సర్వీసులో ఉన్నారు గనుక ఇన్నాళ్లూ చూసీచూడనట్టు పోయారు. ఆయన వెళ్లిపోయాక పది పేర్లుంటే అతిథి అధ్యాపకులను వేసుకోవచ్చు. లేకపోతే ఆ పాఠ్యాంశం జాబితా నుంచే పోతుంది. ఒకసారి పోయినది మళ్లీ రాదని అందరికీ తెలుసు. గంగాధరం గారు తెల్లకాగితం మీద స్కేలుతో పది గీతలు గీసి, అంకెలు వేసి, నోటీసు బోర్డుకు గుచ్చారు. జనవరి మూడో వారానికి అందులో మొదటి గీత మీద బాలచంద్ర పేరొక్కటే ఉంది. మధ్యాహ్నం భోజనానికి పోతూ ఆయన బోర్డు ముందు ఒక్క క్షణం ఆగి పోవడం రోజూ కోమలి చూసేది.

జనవరి 21న జరిగిన సభలో అదే విషయం. కోమలి ముందు లేవాలి. లేవబోయింది. అంతలో గంగాధరం గారు చేయి చూపి ఆపారు.

"పది దినాలు పోతే నాకు ఏ పదవీ లేదు. ఈడ అందరికన్నా చిన్నోణ్ణి నేనే. కాబట్టి నేను ముందు."

సభలో ఎవరూ కాదనలేదు. ఆయన చెప్పినది కొద్దిమాటలే. పదిమంది లేకపోతే పాఠ్యాంశాన్ని తీసేయాలని, తన ముఖం చూసి నియమం వంచవద్దని, వంచితే తాను ముప్పై నాలుగేళ్లు చెప్పినది అబద్ధమవుతుందని అన్నారు. చిన్నవారి మాట ముందు అన్న పద్ధతిని మాత్రం వదలవద్దని కోరారు. తరువాత కూర్చొని, కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

కోమలి లేచి నిలబడింది. పాఠ్యాంశం ఉండాలని చెప్పడానికి నాలుగు మాటలు బట్టీ పట్టుకొని వచ్చింది. అవి ఒక్కటీ నోటికి రాలేదు.

"తెర వెనకాల వాళ్లు వింటా ఉండారు సార్. గట్టిగా చెప్పమని ఏడాదిన్నరగా నాతో చెప్పి పంపుతా ఉండారు. నేనే మీకు చెప్పలే. మీకు నామీద కోపమనుకుంటిని."

గంగాధరం గారు అద్దాలు తుడవడం ఆపారు. కోపమా అన్నట్టు చూశారు. తరువాత, ఆనాటి ప్రశ్నే మళ్లీ అడిగారు: ఎంతమంది?

ఎనిమిది మంది తల్లులని, అందరూ రెండో సంవత్సరం వాళ్లేనని ఆమె చెప్పింది. ఐచ్ఛికం మార్చుకొనే వీలు వాళ్లకుంది. తమ పేర్లు ఆ గీతల మీద రాయవచ్చని కూడా వాళ్లకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం లోపల ఎనిమిది పేర్లూ బోర్డు మీద పడ్డాయి. బాలచంద్రతో తొమ్మిది. సభలోనే మునిప్రసాద్ గారు వేళ్లు మడిచి లెక్కపెట్టి, "పదోది నువ్వే రాసెయ్ కోమలీ, పీడా పోతాది," అని నవ్వించబోయారు. ఇంటర్ మొదటి సంవత్సరంతో ఆగిందని ఆమె నెమ్మదిగా చెప్పాక ఆ నవ్వు ఎవరికీ రాలేదు.

ప్రిన్సిపాల్ స్టెల్లా గారు నియమం ప్రకారం చివరన మాట్లాడారు. తొమ్మిది పది కాదని, గంగాధరం గారి కోరిక మేరకే వచ్చే సంవత్సరం టైంటేబుల్‌లో ఈ పాఠ్యాంశం ఉండదని నిర్ణయించారు. అయితే జాబితా నుంచి పేరు కొట్టేయడాన్ని ఒక సంవత్సరం ఆపుతామని, నోటీసు బోర్డు మీది ఆ కాగితం ఎవరూ తీయరాదని అన్నారు. గెలుపూ కాదు, ఓటమీ కాదు. సభ ముగిశాక గంగాధరం గారు కాసేపు తమ కుర్చీలోనే ఉండిపోయారు. కోమలి టీ గ్లాసులు తీస్తూ ఆయన దగ్గరికి వచ్చినప్పుడు, "ఏడాదిన్నర అమ్మా," అని మాత్రం అన్నారు. నింద కాదది. పోగొట్టుకొన్న వస్తువు ఇంట్లోనే దొరికినప్పుడు మనిషి అనుకొనే మాట.

జనవరి 28 బుధవారం నాడు ఆయన కడపటి పాఠం వరండా కొసననే జరిగింది. తెర తీసి పెట్టారు. ఆనాటి పాఠం ఏడో అంగం, మిత్రుడు. ఆయన నోరు తెరిచిన మొదటి మాటకే వరండా దూలం మీది పావురాలు లేచిపోయాయి. గేటు దగ్గర పూలు కట్టే చేతులు ఆగాయని తరువాత విన్నాం. శత్రువు లేకపోవడం మైత్రి కాదని, అడగవలసిన సమయంలో అడిగేవాడు, చెప్పవలసిన మాట చెప్పేవాడు ఉండటమే మైత్రి అని, మన రాజ్యాంగం చెప్పే సౌభ్రాతృత్వం కూడా ఆ వంశంలోదేనని ఆయన వివరిస్తుండగా, లోపల ఒక బిడ్డ కేరుమంది. అలవాటుకొద్దీ ఆయన గొంతు తగ్గించారు. కిటికీ లోపలి నుంచి జయంతి, "మీరు చెప్పండి సార్. వాడు ఊరికే ఏడుస్తాడు," అంది. ఆయన చెప్పారు. గంట కొట్టాక కూడా చెప్పారు.

మరునాడు ఉదయం కోమలి బల్ల మీద ఓపెన్ స్కూలు ఇంటర్ ప్రవేశానికి ఒక దరఖాస్తు ఫారం ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు. సంతకం చేయవలసిన చోట మాత్రం పెన్సిలుతో చిన్న గుర్తు ఉంది. బిడ్డకు రెండు రోజులుగా జ్వరం గనుక అది ఇంకా నింపలేదు. పదో గీత ఖాళీగానే ఉంది.

ముప్పై నాలుగేళ్ల పైచిలుకు ఈ కళాశాలకు కంఠాన్నీ, కాలాన్నీ, ఆఖరికి గదినీ ఇచ్చిన గంగాధరం గారు రేపటి నుంచి ఎవరి సభలోనూ ఎవరి తరువాతా మాట్లాడనక్కరలేదు. వారి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని మాకు తెలుసు. అందుచేత వరండా కొసన కుర్చీని ఎవరూ కదల్చరని, బుధవారాల్లో పాఠం వేళకు దాన్ని తుడిచి ఉంచుతారని, తెర పక్కకు లాగి ఉంటుందని ఈ సంచిక ద్వారా వారికి తెలియజేస్తున్నాం. జీతం లేదు, పరీక్ష లేదు, హాజరు పట్టీ లేదు. తిరుచానూరు అమ్మవారి దయవల్ల వారు సంపూర్ణ ఆరోగ్యంతో, కంఠం ఇసుమంతైనా తగ్గకుండా, ఆ పదో గీత మీద పేరు పడే రోజు వరకూ, ఆ పేరు గల మనిషి తరగతిలో కూర్చొని ఏడు అంగాలూ మరవకుండా రాసే రోజు వరకూ, ఆ తరువాత కూడా చాలా ఏళ్లు, చల్లగా జీవించాలని మనసారా కోరుకొంటున్నాం.

కోమలి
ఆఫీసు సబార్డినేటు